పదో తరగతి స్పెషల్ క్లాసులు, మూడో తరగతి తీసివేతలు

52 లోంచి 37 తీసేయమంటే మూడో తరగతి పిల్లల్లో చాలామంది పలక మీద 25 అని వేస్తారు. రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని ఏడులోంచి రెండు తీసి 5 వేస్తారు. ఐదులోంచి మూడు తీసి 2 వేస్తారు. తోచిన అంకె వేసి పలక పక్కన పెట్టేసిన జవాబు కాదిది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలని ఒకటో తరగతిలో నేర్చుకున్న పద్ధతిని ఆ పిల్ల ఇక్కడా పాటించింది. పదుల స్థానం నుంచి ఒక పదిని అప్పు తెచ్చుకోవాలన్న సంగతి ఆమెకింకా తెలియదు. లేదా అది చెప్పిన రోజు ఆమె బడికి రాలేదు. చీపురు పుల్లల్ని పదేసి చొప్పున కట్టలు కట్టి, ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ చేతికిచ్చి, "ఏడు పుల్లలు ఇవ్వమ్మా" అని అడిగితే, ఒక కట్ట విప్పక తప్పదని ఆ పిల్లకే తెలుస్తుంది. కొన్నాళ్ల సాధనతో సర్దుకునే పొరపాటు అది.

ఎవరూ పట్టించుకోకపోతే మాత్రం ఆ పొరపాటు పిల్లతోపాటే పై తరగతులకు వెళుతుంది. తీసివేత రానిదే భాగహారం రాదు, భాగహారం రానిదే భిన్నాలు రావు, భిన్నాలు రానిదే బీజగణితం నడవదు. పదో తరగతిలో వర్గ సమీకరణం దగ్గర ఆగిపోయిన పిల్లను చూసి లెక్కల్లో వీక్ అంటారు. నిజానికి ఆ పిల్ల ఆగిపోయి అప్పటికి ఏడేళ్లయింది.

చదువులో వెనకబడిన పిల్లలకు అదనంగా చెప్పడం అనగానే తెలుగు రాష్ట్రాల్లో అందరికీ గుర్తొచ్చేది పదో తరగతి స్పెషల్ క్లాసులే. దసరా, దీపావళి దాటాక ఊపందుకుంటాయి. పొద్దున బడి గంటకు ముందు ఒక గంట, సాయంత్రం బడి వదిలాక ఒక గంట. సంక్రాంతి సెలవుల తర్వాత ఆ సమయం ఇంకా పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వంద రోజుల ప్రణాళిక పేరుతో ఏ రోజు ఏ సబ్జెక్టో టైంటేబుల్ వస్తుంది. పిల్లల్ని మార్కుల ప్రకారం గ్రూపులు చేసి, చివరి గ్రూపులోని వాళ్లను టీచర్లు తలా కొందరి చొప్పున దత్తత తీసుకుంటారు. తెల్లవారుజామున ఫోన్ చేసి "లేచావా, పుస్తకం తీశావా" అని అడిగే టీచర్లున్నారు. తెలంగాణలో 2025 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ తరగతులకు ఉండిపోయే పిల్లలకు సాయంత్రం పూట ఉడికించిన శనగలో, బొబ్బర్లో, పల్లీలూ బెల్లమో పెట్టడానికి ఒక్కొక్కరికి రోజుకు 15 రూపాయల చొప్పున 38 రోజులకు ప్రభుత్వం డబ్బిచ్చింది. మధ్యాహ్నం తిన్న అన్నంతో పొద్దుపోయేదాకా లెక్కలు చెయ్యలేరని గుర్తించి చేసిన పని అది. చాలా మంచి పని.

ఇంత కష్టపడ్డా ఫలితం అంతంతమాత్రంగా ఎందుకుంటుందంటే, ఆ క్లాసుల గురి 35 మార్కుల మీద ఉంటుంది గనక. చేతిలో ఉన్నది నాలుగు నెలలు. భాగహారం రాని పిల్లకు భాగహారం నేర్పుతూ కూర్చుంటే పరీక్ష దాటిపోతుంది. అందుకని టీచరు తప్పనిసరై అడ్డదారి వెతుకుతారు. లెక్కల్లో గ్రాఫు, సోషల్‌లో మ్యాప్ పాయింటింగ్, తెలుగులో ఒక లేఖ, ఒక పద్యం, సైన్సులో రెండు బొమ్మలు, ఇవి గాక బిట్లు. ఇవన్నీ చేయిస్తే పిల్ల గట్టెక్కుతుంది. దీన్ని తక్కువ చేసి చూడకూడదు. పదో తరగతి పాసైన కాగితం చేతిలో ఉంటే ఐటీఐకో, పాలిటెక్నిక్‌కో, ఇంటర్‌కో తలుపు తెరుచుకుంటుంది, కొన్ని ఇళ్లలో ఆడపిల్ల పెళ్లి రెండేళ్లు వాయిదా పడుతుంది. కానీ ఇంటర్ మొదటి ఏడాదిలో ఆ పిల్ల ముందు మళ్లీ అదే భిన్నం, అదే సమీకరణం. ఈసారి దత్తత తీసుకునే టీచరు కూడా ఉండరు.

అదనపు తరగతి ఎప్పుడు పెట్టాలి, ఎవరు చెప్పాలి, అందులో ఏం చెప్పాలి అనే ప్రశ్నల మీద మన దేశంలో గట్టి పరిశోధనే జరిగింది. 2001 నుంచి 2003 వరకు ముంబయి, వడోదర నగరాల మున్సిపల్ బడుల్లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ బాలసఖి అనే కార్యక్రమం నడిపింది. ఆ పేటలోనే ఉండే, బడి చదువు పూర్తిచేసిన ఒక యువతిని తీసుకుని, కొద్దిపాటి శిక్షణనిచ్చి, నెలకు 500 నుంచి 750 రూపాయల దాకా ఇచ్చేవారు. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన 15 నుంచి 20 మంది పిల్లల్ని ఆమె రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టుకునేది. బడి వేళల్లోనే. సాయంత్రం దాకా ఆగమనలేదు. అక్షరాలు రానివాళ్లకు అక్షరాలు, కూడికలు రానివాళ్లకు కూడికలు. తరగతి పాఠ్యపుస్తకం జోలికి పోలేదు.

అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు దాన్ని కొలిచి చూశారు. బాలసఖి ఉన్న బడుల్లో పిల్లల మార్కులు మొదటి ఏడాది 0.14, రెండో ఏడాది 0.28 ప్రామాణిక విచలనం మేరకు పెరిగాయి. వాడుక మాటలో చెప్పాలంటే, రెండో ఏడాది పెరుగుదల వందమందిలో 50వ స్థానంలో ఉన్న పిల్లను 61వ స్థానానికి లేపినంత. అందులోనూ బాగా లాభపడింది అట్టడుగున ఉన్న పిల్లలే. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఇరవై మంది బాలసఖి దగ్గరికి వెళ్లిపోయాక తరగతిలో మిగిలిన పిల్లలకు తరగతి టీచరు ఎదుట రద్దీ తగ్గింది కదా, వాళ్లూ బాగుపడాలి. పడలేదు. తరగతిలో పిల్లల సంఖ్య తగ్గడంవల్ల అక్కడ లాభం కనిపించలేదు. ఎక్కడ ఆగిపోయారో అక్కడినుంచి చెప్పడంవల్ల కనిపించింది. ఒక హెచ్చరిక కూడా ఆ అధ్యయనంలోనే ఉంది. కార్యక్రమం ఆగిన ఏడాది తర్వాత చూస్తే లాభం కొంత మిగిలింది, చాలామటుకు కరిగిపోయింది.

ఆ తర్వాత బీహార్‌లో ప్రభుత్వ టీచర్లతోనే ఇదే పద్ధతి ప్రయత్నించారు. 2008లో వేసవి సెలవుల్లో నెల రోజుల శిబిరాలు పెట్టి, పై తరగతులకు వెళ్లబోయే పిల్లలకు చదవడం, లెక్కలు చెప్పించారు. పిల్లలు నేర్చుకున్నారు. టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి, బడి తెరిచాక మామూలు రోజుల్లో కూడా అలాగే చెప్పమన్నారు. అక్కడ ఫలితం రాలేదు. వేసవిలో చెప్పగలిగిన మనిషి జూలైలో చెప్పలేకపోవడానికి చేతకానితనం కారణం కాదు. జూలైలో ఎదురుగా సిలబస్ ఉంటుంది, దాన్ని ఏ నెలకు ఎంత పూర్తి చెయ్యాలో చెప్పే పట్టిక ఉంటుంది.

హర్యానాలో ఈ ముడి విప్పారు. అక్కడ రోజులో ఒక గంటను ప్రత్యేకంగా ఈ పనికే కేటాయించారు. ఆ గంటలో మూడు, నాలుగు, ఐదు తరగతుల హద్దులు చెరిపేసి, ఎవరికి ఎంతవరకు వచ్చో దాన్నిబట్టి గ్రూపులు చేశారు. ఈ పద్ధతి పెట్టిన బడుల్లోనూ, పెట్టని బడుల్లోనూ పని వేళలు పెరిగాయి కాబట్టి, పోలిక తేటతెల్లంగా తేలింది. గ్రూపులు చేసిన బడుల్లో హిందీ చదవడం మెరుగైంది. ఉత్త గంట పెంచిన బడులకు ఆ మెరుగుదల రాలేదు. స్పెషల్ క్లాసుల వేళల్ని ఇంకా పెంచితే సరిపోతుందనుకునే ప్రతి సమీక్షా సమావేశంలోనూ ఈ ఒక్క సంగతి చెప్పుకోవాలి.

వెనకబాటు ఎంత లోతైనదో జాతీయ లెక్కలు చూస్తే తెలుస్తుంది. గ్రామీణ భారతంలో ఇంటింటికీ వెళ్లి పిల్లలచేత చదివించి చూసే అసర్ సర్వే ప్రకారం, రెండో తరగతి పాఠం చదవగలిగిన ఐదో తరగతి పిల్లలు 2018లో 50.5 శాతం. కరోనా తర్వాత 2022లో అది 42.8కి పడిపోయి, 2024కి 48.8 శాతానికి చేరింది. ఢిల్లీలో సాయంత్రపు బోధనా కేంద్రాలపై కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన అధ్యయనంలో, ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి కనిపించారు. ఆరో తరగతి టీచరు ఆరో తరగతి పాఠమే చెబుతారు. మూడు, నాలుగు తరగతుల దగ్గర ఉన్న పిల్లకు అది వినిపిస్తుంది, అంతకుమించి ఏమీ జరగదు. రోజూ బడికి వచ్చి, కుదురుగా కూర్చుని, నోటు పుస్తకం నిండా అందంగా రాసుకుని, ఏమీ నేర్చుకోకుండా ఇంటికి వెళ్లే పిల్లలు లక్షల్లో ఉన్నారు. నోటు పుస్తకం చూసి మురిసిపోయే అమ్మానాన్నలకు ఆ సంగతి తెలిసే దారి లేదు.

తెలుగు చదవడంలో ఈ ఆగిపోవడం ఎక్కడ జరుగుతుందో దగ్గరుండి చూస్తే దాదాపు ఒకే చోట దొరుకుతుంది. అక్షరమాల వస్తుంది. గుణింతాలు పాటలా అప్పజెబుతారు. ఆట, పలక, తాత, గాలిపటం చకచకా చదువుతారు. "అమ్మ" కూడా చదువుతారు, ఎందుకంటే అది బొమ్మలా గుర్తుండిపోయిన మాట. "ముగ్గు" దగ్గర కాస్త తడబడి గట్టెక్కుతారు. "పుస్తకం" దగ్గర ఆగిపోతారు. గ, ద, డ లాంటి అక్షరాలకు ఒత్తు చూడటానికి తలకట్టు తీసేసిన అదే అక్షరంలా ఉంటుంది కాబట్టి పోల్చుకుంటారు. త, మ, న, ల, య, ర ఒత్తులకు ఆ అక్షరంతో పోలికే ఉండదు. వాటిని విడిగా, పనిగట్టుకుని నేర్పాలి. నేర్పకపోతే పిల్ల ఒత్తుని కళ్లతో దాటేసి "పుసకం" అని చదువుతుంది, వాక్యంలో అలాంటివి నాలుగొస్తే అర్థం చెదిరిపోతుంది, చదవడం మీద మనసు విరుగుతుంది. పాఠం బట్టీ పట్టి, వేలు పెట్టుకుని అప్పజెప్పడం అప్పటినుంచే మొదలవుతుంది. పుస్తకం మూసి, అదే మాటను అట్టముక్క మీద రాసి చూపిస్తే బయటపడుతుంది. ఈ ఒత్తుల దగ్గర రెండు మూడు వారాలు ఆగితే చాలు, ఎంతోమంది పిల్లలకు తెలుగు చేతికొస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలున్నాయి. రెండు పేజీల్లో ఏదీ చదవలేని పిల్లకు ముందుగా ఇంట్లో మాట్లాడే భాష చదవడం పట్టుబడాలి, ఇంగ్లిషు కూడా దాని మీదే నిలబడుతుంది.

ఆలస్యమైపోయింది కాబట్టి ఇక రాదనే మాట తప్పని నిరూపించింది కూడా తెలుగు నేలే. రంగారెడ్డి జిల్లాలో 1990ల మొదట్లో ఎం.వి.ఫౌండేషన్ పొలాల్లో, పశువుల వెంట, పరాయి ఇళ్లలో పనిచేస్తున్న పిల్లల్ని తీసుకొచ్చి వసతి శిబిరాల్లో పెట్టి చదువు చెప్పింది. బ్రిడ్జి కోర్సులన్న మాట ఊళ్లలో అప్పటినుంచే నలిగింది. పదేళ్లో పన్నెండేళ్లో నిండిన పిల్ల, అంతవరకు పలక పట్టనిది, ఏడాది అటూ ఇటూగా తన ఈడు పిల్లలతో పాటు తరగతిలో కూర్చునే స్థితికి వచ్చింది. ఆ వయసు పిల్లకు లోకజ్ఞానం ఉంటుంది, కూలి లెక్క తెలుసు, మాటల సంపద ఉంది. ఐదారేళ్ల పిల్లకు ఐదేళ్లు పట్టే ప్రాథమిక చదువు ఆమెకు చాలా తొందరగా వస్తుంది. ఈ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్, బడి బయటి పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, మిగతావారితో సమానం కావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చెబుతుంది. బడి ముఖం చూడని పిల్లకే సాధ్యమైనది, ఐదేళ్లుగా రోజూ బడికి వస్తున్న పిల్లకు ఎందుకు సాధ్యం కాదు?

అదే చట్టంలో 24వ సెక్షన్ టీచరు విధులు చెబుతుంది. అందులో (సి): నిర్ణీత సమయంలో మొత్తం సిలబస్ పూర్తి చెయ్యాలి. దాని కిందే (డి): ఒక్కొక్క బిడ్డ నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించాలి. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. తనిఖీకి వచ్చినవారు అడిగేది ఎక్కువగా మొదటిదే, కాబట్టి బడిలో గెలిచేదీ అదే. 2019 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి, తప్పినవారికి అదనపు బోధన ఇచ్చి రెండు నెలల్లోగా మళ్లీ పరీక్ష పెట్టమంటుంది. ఇక్కడా సాయం పిల్ల తప్పిన తర్వాతే మొదలవుతుంది.

చిన్న తరగతుల్లోనే పట్టుకోవాలన్న ఆలోచన మన ప్రభుత్వాలకు లేదని చెప్పలేం. ఉమ్మడి రాష్ట్రంలో క్లిప్ అనే అభ్యసన మెరుగుదల కార్యక్రమం, తెలంగాణలో 2022లో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా తొలిమెట్టు, మరుసటి ఏడాది ఆరు నుంచి తొమ్మిది దాకా ఉన్నతి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రథమ్ పద్ధతిలో, తరగతినిబట్టి కాకుండా స్థాయినిబట్టి చెప్పే కార్యక్రమం నడిచింది. తొలిమెట్టు లాంటి ఈమధ్యవాటి వెనక 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యం ఉంది: 2026-27 కల్లా మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు రావాలి. దిశ సరైనదే. బడిలో ఇవి నీరసించేది రికార్డుల దగ్గర. ఎవరు ఎక్కడున్నారో తెలుసుకునే బేస్‌లైన్ పరీక్ష పెట్టాలి, ప్రతి పిల్ల పేరు ఎదురుగా స్థాయి నింపాలి, యాప్‌లో ఎక్కించాలి, నెలకోసారి మళ్లీ నింపాలి. ఇద్దరు టీచర్లున్న బడిలో ఒకరు ఈ పనిలో ఉంటే ఆ గంట ఎవరిది? పైగా పథకాల పేర్లు తరచూ మారుతుంటాయి. ఫలితం నిలబడాలంటే ఏళ్ల తరబడి వదలకుండా చెయ్యాలని బాలసఖి అనుభవమే చెప్పింది.

బడి వేళలు దాటాక చెప్పించాలనుకుంటే తమిళనాడు చేసినదాన్ని గమనించాలి. 2021 అక్టోబరులో అక్కడ మొదలైన ఇల్లం తేడి కల్వి, అంటే ఇల్లు వెతుక్కుంటూ వచ్చే చదువు, దాదాపు రెండు లక్షలమంది వలంటీర్లతో నడిచింది. ఎక్కువమంది ఆ వీధి ఆడవాళ్లే. నెలకు వెయ్యి రూపాయలు. సాయంత్రం గంటో గంటన్నరో ఎవరి అరుగు మీదో, అంగన్‌వాడీలోనో పిల్లల్ని కూర్చోబెట్టేవారు. కరోనాలో పోగొట్టుకున్న చదువులో మూడింట రెండు వంతులు ఆరు నెలల్లో వెనక్కి వచ్చిందనీ, అలా తిరిగివచ్చినదాంట్లో సుమారు నాలుగో వంతు ఈ సాయంత్రపు తరగతుల చలవేననీ ఆ రాష్ట్రంలో జరిగిన అధ్యయనం తేల్చింది. ఈ ఏర్పాటులో మన స్పెషల్ క్లాసులకు లేని సౌకర్యం ఒకటుంది. పిల్ల ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. హైస్కూలుకు నాలుగైదు కిలోమీటర్ల నుంచి వచ్చే ఆడపిల్ల సాయంత్రం ఆరు దాకా ఉంటే బస్సు దొరకదు, చీకట్లో ఆటో ఎక్కించడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. అదనపు తరగతి ఎవరికి అత్యవసరమో వాళ్లే సాధారణంగా దానికి ఉండలేనివాళ్లు. గేదెలు తోలుకురావాలి, తమ్ముణ్ణి ఎత్తుకోవాలి, పత్తి తీతకు పోవాలి. అందుకే ప్రాథమిక బడిలో ఆ గంట బడి వేళల్లోనే ఉండాలి.

పిల్ల మనసు సంగతి వీటన్నిటికన్నా సున్నితం. స్లో లెర్నర్, డల్, సీ గ్రేడ్ అనే మాటలు స్టాఫ్‌రూమ్ దాటి తరగతిలోకి వస్తాయి, తరగతి నుంచి వీధిలోకి వస్తాయి. వెనక వరసకు పంపిన పిల్ల రెండు నెలల్లో తనను తాను మొద్దుననుకోవడం మొదలుపెడుతుంది. ఒత్తు చదవలేని పిల్లకు ఒత్తు నేర్పవచ్చు, తనకు చదువు రాదని నమ్మేసిన పిల్లను మళ్లీ పుస్తకం దగ్గరికి తీసుకురావడం చాలా కష్టం. స్థాయినిబట్టి చేసే గ్రూపుల్లో ఈ ప్రమాదం కొంత తగ్గుతుంది, ఎందుకంటే ఆ గంటలో అందరూ లేచి గది మారతారు. ఐదో తరగతి పిల్ల మూడో తరగతి పిల్లల పక్కన కూర్చున్నా, బాగా చదివేవాళ్లు కూడా ఎక్కడికో ఒకచోటికి కదులుతారు. ఏ ఒక్కరినీ వేలెత్తి చూపినట్టుండదు.

ఈ పనికి తగిన చోటు, వినడానికి వింతగా ఉన్నా, ఏకోపాధ్యాయ బడి. ఒకటి నుంచి ఐదు దాకా పద్దెనిమిది మంది పిల్లలు, ఒక్క టీచరు. ఐదు తరగతులకు తెలుగు, లెక్కలు, ఇంగ్లిషు, పరిసరాల విజ్ఞానం విడివిడిగా చెప్పాలంటే రోజు చాలదు. అక్షరాల గ్రూపు, మాటల గ్రూపు, వాక్యాలు చదివే గ్రూపు అని మూడు చేస్తే ఒక మనిషికి చేతనవుతుంది. ఒక గ్రూపుకు అట్టముక్కలు, ఒక గ్రూపుకు చిన్న కథ, మరో గ్రూపు దగ్గర టీచరు నేల మీదే కూర్చుంటారు. పిల్లలు ఎప్పుడూ కలిసే కూర్చుంటారు కాబట్టి హద్దులు చెరపాల్సిన పని కూడా లేదు. పేర్లు పెన్సిలుతో రాసుకుంటే చాలు. ఇరవై రోజులకోసారి ఒక్కొక్కరిచేత చదివించి, "పుస్తకం" అని తడుముకోకుండా చదివిన పిల్ల పేరు చెరిపి పక్క గ్రూపులో వెయ్యాలి.